స్టార్మర్‌పై కోపం మనది, ఫరాజ్ దాడి మనది కాదు: బ్రిటన్‌లోని తెలుగు వామపక్ష మిత్రులకు బహిరంగ లేఖ

2026 జనవరి

గౌరవనీయులైన మిత్రులకు, సంఘాల్లో పనిచేస్తున్న అన్నలకు, అక్కలకు నమస్కారం.

ఈ దేశంలో నాకు యూనియన్ సభ్యత్వం ఇప్పించినవారు మీరు. జీతం చీటీ ఎలా చదవాలో నేర్పినవారూ మీరే. ఆ కృతజ్ఞతతోనే ఈ లేఖ రాస్తున్నాను. రెండు ఉత్తరాలు మీకు నేరుగా రాసి, ఫలితం లేక, ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

నేను గుంటూరు జిల్లా నుంచి 2023లో హెల్త్ అండ్ కేర్ వీసా మీద వచ్చాను. ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలోని ఒక చిన్న పట్టణంలో, కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టులు చేస్తాను. పేరు రాయడం లేదు. నా వీసా నా యజమాని స్పాన్సర్‌షిప్‌కు కట్టి ఉంది. ఆ ఉద్యోగం పోతే ఇంకొకరిని వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చేది 60 రోజులే.

2025 సెప్టెంబరు 22న, వలసలను వ్యతిరేకించే కుడివైపు (మితవాద) పార్టీ రిఫార్మ్ యూకే నాయకుడు నైజెల్ ఫరాజ్ ఒక ప్రకటన చేశారు. తాము అధికారంలోకి వస్తే ఐఎల్ఆర్‌ను, అంటే శాశ్వత నివాస హక్కును, పూర్తిగా ఎత్తేస్తామన్నారు. ఇప్పటికే ఆ హక్కు పొందినవారు కూడా మళ్ళీ వీసాకు దరఖాస్తు చేసుకోవాల్సిందే అన్నారు. ఆ వారంలోనే మన అధ్యయన బృందం కమిటీకి ఉత్తరం రాశాను. మన తరఫున తెలుగులో, ఇంగ్లిషులో ఒక ప్రకటన ఇవ్వాలని అడిగాను. వచ్చిన జవాబు ఒక్క వాక్యం: "ఇది పెట్టుబడి కొమ్ముకాసే రెండు పార్టీల గొడవ, మనం తలదూర్చవద్దు." నవంబరులో రెండో ఉత్తరం రాశాను. దానికి జవాబే లేదు. డిసెంబరు సమావేశంలో లేచి మాట్లాడబోతే రెండు నిమిషాలకే తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు.

అదే సమావేశం తర్వాత, టీ తాగుతూ, పెద్దలొకరు నాతో వేరే మాట అన్నారు. "అమ్మా, ఇప్పుడు లేబర్ పార్టీని ఏమీ అనకూడదు. మనం వేసే ప్రతి రాయీ ఫరాజ్‌కు మెట్టు అవుతుంది." ఆయన మంచి మనసుతోనే అన్నారు. అయినా ఈ మాటా నేను ఒప్పుకోలేను. ఒకరు తలదూర్చవద్దంటారు, ఇంకొకరు నోరు మెదపవద్దంటారు. రెండింటిలోనూ మనకు మిగిలేది మౌనమే. ఆ మౌనానికి మూల్యం నాలాంటివాళ్ళం, మా పిల్లలు, పక్క వీధిలోని ముసలివాళ్ళు చెల్లిస్తున్నారు. అది ఎలాగో వరుసగా చెబుతాను.

1. ఈ ప్రభుత్వం ఎవరిదో మనకు భ్రమలు లేవు. 2024 జూలై 4న, కియర్ స్టార్మర్‌ను ప్రధానిని చేసిన లేబర్ పార్టీ 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు గెలిచింది. గెలిచి మూడు వారాలైనా కాకముందే, జూలై 23న, ఇద్దరికి మించి పిల్లలున్న కుటుంబాలకు భత్యం నిరాకరించే పరిమితిని ఎత్తేయాలని ఓటు వేసిన ఏడుగురు సొంత ఎంపీలను పక్కన పెట్టింది. జూలై 29న ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ చలికాలపు ఇంధన భత్యాన్ని కోసేశారు. సుమారు కోటి మంది వృద్ధులకు ఆ డబ్బు ఆగిపోయింది. మా పక్క వీధిలో ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ ఆ చలికాలమంతా వంటింట్లో కోటు వేసుకుని, హీటర్ ఆపేసి కూర్చునేవారు. నేను షిఫ్టు నుంచి వస్తూ తలుపు తట్టి, బాగున్నారో లేదో చూసి వెళ్ళేదాన్ని. మార్కెట్‌ను నొప్పించకూడదని ముసలివాళ్ళను వణికించిన ప్రభుత్వం ఇది. దీన్ని వెనకేసుకురావాలని నేను ఎవరినీ అడగడం లేదు.

తర్వాత జరిగింది చూడండి. 2025 మేలో ఇంధన భత్యాన్ని తిరిగి ఇస్తానన్నదీ, ఇద్దరు పిల్లల పరిమితి ఎత్తేస్తానన్నదీ ఫరాజ్! మన డిమాండును ఆయన జేబులో వేసుకున్నారు. ఏడాదిగా ఆ డిమాండును మనం హాలు గదుల్లో మనలో మనం చెప్పుకుంటున్నాం కాబట్టి, ఆ ముసలమ్మ తలుపు దగ్గరకు మొదట చేరిన కరపత్రం రిఫార్మ్ వాళ్ళది. మనం రాకపోయిన గుమ్మం ముందుకు వాళ్ళు వచ్చారు.

2. కుడివైపు నుంచి స్టార్మర్ మీద వచ్చే దాడులన్నీ ఒక్కలాంటివి కావు. ప్రతి దాడినీ ఒకటే ప్రశ్న అడగాలి: ఇది నెగ్గితే ఎవరికి లాభం, ఎవరి పొయ్యి ఆరుతుంది? ఈ ప్రశ్న వేయకుండా, స్టార్మర్‌ను తిట్టేవారంతా మనవారే అనుకోవడం ఈ మధ్య మన బృందంలో అలవాటైంది.

2024 నవంబరు 19న లండన్ వైట్‌హాల్‌లో రైతుల నిరసన జరిగింది. పది లక్షల పౌండ్లు దాటిన వ్యవసాయ ఆస్తి మీద 20 శాతం వారసత్వ పన్ను వేస్తామన్నందుకు ఆ కోపం. "రైతు" అనే మాట వినగానే మన గుండె కరుగుతుంది, నాదీ కరిగింది. మా నాన్న కౌలు రైతు. కానీ కొంచెం ఆగి లెక్క చూడాలి. ఇక్కడ మిగతా ఆస్తులకు మినహాయింపు పరిమితి దాటితే పన్ను 40 శాతం, భూమికి అందులో సగం. పదేళ్ళలో వడ్డీ లేకుండా కట్టుకోవచ్చు. భార్యాభర్తలకు కలిపి మినహాయింపులు ఇంకా పెరుగుతాయి. పన్ను తప్పించుకోవడానికే పొలాలు కొనే ధనికులు ఈ దేశంలో ఎందరో ఉన్నారు. చిన్న రైతును కాపాడాలంటే సూపర్ మార్కెట్లు పాలకు, కూరగాయలకు ఇచ్చే ధర గురించి మాట్లాడాలి. ఆ నిరసనలో ట్రాక్టర్ ఎక్కినవారి ఫోటోను మన వాట్సాప్ బృందంలో "రైతు పోరాటం వర్ధిల్లాలి" అంటూ పంచుకున్నారు. 2025 డిసెంబరు 23న ప్రభుత్వం లొంగి, పరిమితిని 25 లక్షల పౌండ్లకు పెంచింది. అలా వదులుకున్న పన్ను మిగిలేది పది లక్షల పౌండ్లు దాటిన ఆస్తి ఉన్నవారికే.

ఇక పనివాళ్ళ జీతాల మీద యజమానులు కట్టే పన్నులాంటి నేషనల్ ఇన్సూరెన్స్. 2025 ఏప్రిల్ నుంచి అది 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది. అంతకంటే ముఖ్యం, అది మొదలయ్యే జీతం 9,100 పౌండ్ల నుంచి 5,000కు దిగింది. కన్జర్వేటివ్‌లు దీన్ని "ఉద్యోగాల మీద పన్ను" అన్నారు. ఇక్కడ వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. తక్కువ జీతాల, తక్కువ గంటల పనివాళ్ళే ఎక్కువగా ఉన్న కేర్ హోమ్‌ల మీద భారం పడింది, మా దగ్గర షిఫ్టులు తగ్గాయి. కానీ వాళ్ళు చూపే దారి పన్నులు తగ్గించడం, దాంతోపాటు ప్రజా సేవలు తగ్గించడం. మన దారి వేరు. జీతాల మీద కాకుండా సంపద మీద పన్ను వేయమని మనం అడగాలి. ఒకే చర్యను ఇద్దరూ విమర్శించవచ్చు, విమర్శ మాత్రం ఒకటి కాదు. ఆ తేడాను మనం బయటికి చెప్పకపోతే వినేవాళ్ళకు ఇద్దరి గొంతూ ఒకటిగానే వినిపిస్తుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఉద్యోగ హక్కుల చట్టం విషయం. అది 2024 అక్టోబరులో బిల్లుగా వచ్చింది. పనిలో చేరిన మొదటి రోజు నుంచే అన్యాయపు తొలగింపు నుంచి రక్షణ ఉంటుందని అందులో ఉంది. అప్పటివరకు ఆ రక్షణకు రెండేళ్ళు ఆగాలి. యజమానుల సంఘాలు, కన్జర్వేటివ్‌లు, వారి పత్రికలు ఏడాది పాటు దాని మీద విరుచుకుపడ్డారు. ఎవరూ ఎన్నుకోని లార్డ్స్ సభ, అంటే పార్లమెంటు ఎగువ సభ, దాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పికొట్టింది. నవంబరు 27న ప్రభుత్వం వెనక్కి తగ్గి, మొదటి రోజుకు బదులు ఆరు నెలలు అని ఒప్పుకుంది. డిసెంబరు 18న అది చట్టమైంది. లార్డ్స్ సభలో ఆ పోరు జరుగుతున్న వారాల్లో మన బృందం చర్చించిన అంశం, ఈ చట్టం ఎంత అసంపూర్ణమో! అసంపూర్ణమే, కాదనను. కానీ ఆ వారాల్లో అది ఇంకా చిన్నదైపోతుంటే మనం చూస్తూ ఊరుకున్నాం. 2026 ఏప్రిల్ నుంచి జబ్బు చేసిన మొదటి రోజుకే సిక్ పే వస్తుంది, అప్పటిదాకా మొదటి మూడు రోజులకు ఏమీ లేదు. జ్వరంతో షిఫ్టుకు వెళ్ళి, తొంభై ఏళ్ళ ముసలివాళ్ళకు నా జబ్బు అంటుతుందేమోనని మూతికి గుడ్డ కట్టుకుని అన్నం తినిపించిన దాన్ని నేను. ఆ మూడు రోజుల కూలి విలువ నాకు తెలుసు.

3. చరిత్ర మీరు నాకంటే బాగా చదివారు. అయినా రెండు సంగతులు గుర్తు చేయనివ్వండి. 1924లో రామ్సే మెక్‌డొనాల్డ్ నాయకత్వాన తొలి లేబర్ ప్రభుత్వం ఎంతో జాగ్రత్తగా, ఎవరినీ నొప్పించకుండా నడిచింది. అయినా ఎన్నికలకు నాలుగు రోజుల ముందు డెయిలీ మెయిల్ పత్రిక సోవియట్ నాయకుడు జినోవియెవ్ పేరుతో ఒక దొంగ ఉత్తరం అచ్చువేసి, లేబర్ గెలిస్తే మాస్కో పాలన వస్తుందని భయపెట్టింది. అణిగిమణిగి ఉన్నంత మాత్రాన కుడివైపు వారు వదిలిపెట్టరని అప్పుడే తేలింది. 1931లో అదే మెక్‌డొనాల్డ్ నిరుద్యోగ భృతి కోయడానికి సిద్ధపడి, సొంత పార్టీని వదిలి కన్జర్వేటివ్‌లతో ప్రభుత్వం కట్టారు.

రెండోది మన వాళ్ళది. 1976 ఆగస్టులో వాయవ్య లండన్‌లోని గ్రన్‌విక్ ఫోటో కర్మాగారంలో జయాబెన్ దేశాయ్, ఆమెతోపాటు ఎక్కువగా తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన గుజరాతీ మహిళలు సమ్మె కట్టారు. అప్పుడున్నది కాలహన్ లేబర్ ప్రభుత్వం, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) షరతులకు తలొగ్గిన ప్రభుత్వం. యజమాని వెనుక కుడివైపు సంస్థ ఒకటి నిలబడి కోర్టు కేసులు నడిపింది. క్రికల్‌వుడ్ తపాలా కార్మికులు ఆ కంపెనీ ఉత్తరాలు ముట్టబోమన్నారు. గని కార్మికులు బస్సుల్లో వచ్చి పికెట్‌లో, అంటే గేటు ముందు నిరసనలో, నిలబడ్డారు. మహిళలను మళ్ళీ పనిలోకి తీసుకోవాలని విచారణ సంఘం చెప్పినా యజమాని వినలేదు, ప్రభుత్వం వినిపించలేదు. 1978 జూలైలో సమ్మె ఓడింది. మరుసటి ఏడాది మార్చిలో ఒక్క ఓటు తేడాతో కాలహన్ ప్రభుత్వం పడిపోయింది, ఎన్నికల్లో గెలిచి కన్జర్వేటివ్ నాయకురాలు థాచర్ వచ్చారు. 1980 చట్టంతో సొంత పనిచోటు దాటి పికెట్ చేసే హక్కే పోయింది. భయస్తుల పాలనలో మనం ఒక సమ్మెను కోల్పోయాం. వాళ్ళ తర్వాత వచ్చినవారి పాలనలో, అలా ఒకరికొకరు తోడు నిలిచే హక్కును కోల్పోయాం. ఇద్దరూ ఒకటే అని మీరు అన్న ప్రతిసారీ నాకు ఇది గుర్తుకొస్తుంది.

4. వలస వచ్చినవారి మీద జరిగే దాడిలో మన మౌనం ఏ సాకుతోనూ సమర్థించలేనిది. 2024 జూలై చివర సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల హత్య జరిగాక, హంతకుడు శరణార్థి అని అబద్ధం పుట్టించి, రోథరమ్‌లో శరణార్థులున్న హోటల్‌కు నిప్పు పెట్టబోయారు. సండర్లాండ్‌లో డ్యూటీకి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సుల మీద రాళ్ళు వేశారు. ఆ వారం మా షిఫ్టులో ఉన్న నల్లజాతి, ఆసియా ఆడవాళ్ళమంతా ఒక్కరూ విడిగా వెళ్ళకుండా కలిసి ఇళ్ళకు నడిచాం. అల్లర్లు చేసినవారిని శిక్షిస్తే "తెల్లవారికో న్యాయం, ఇతరులకో న్యాయం" అని స్టార్మర్ మీద కుడివైపు వారు గోల చేశారు. 2025 సెప్టెంబరు 13న లండన్‌లో లక్షకు పైగా జనంతో తీవ్ర కుడివైపు నాయకుడు టామీ రాబిన్సన్ ఊరేగింపు జరిగింది. అక్కడ వీడియో ద్వారా మాట్లాడిన ఎలాన్ మస్క్ పార్లమెంటును రద్దు చేయాలన్నారు. ఆ ఊరేగింపులో స్టార్మర్‌ను తిడుతున్న ఒక వీడియోను మన బృందంలో ఒకరు "ప్రజాగ్రహం" అని పెట్టారు. అది నా మీద ఆగ్రహం మిత్రులారా. నా కొడుకు మీద.

ప్రభుత్వం ఆ దాడికి ఎలా జవాబిచ్చింది? వాళ్ళ బాటలో సగం దూరం నడిచి. 2025 మే 12న స్టార్మర్ దేశం "అపరిచితుల ద్వీపం" అయిపోతుందన్నారు. తర్వాత ఆ మాటకు విచారం వ్యక్తం చేశారు, విధానం మాత్రం మారలేదు. జూలై 22 నుంచి విదేశాల నుంచి కేర్ వర్కర్ల నియామకాన్ని ఆపేశారు. నవంబరు 20న హోం మంత్రి షబానా మహమూద్ శాశ్వత నివాసానికి కనీస కాలం ఐదేళ్ళ నుంచి పదేళ్ళకు పెంచే ప్రతిపాదన పెట్టారు. నాలాంటి కేర్ వర్కర్లకైతే పదిహేనేళ్ళు, ఇప్పటికే వచ్చి ఉన్నవాళ్ళకు కూడా. నేను వచ్చినప్పుడు నా కొడుక్కు ఆరేళ్ళు. వచ్చినప్పటి నిబంధన ప్రకారం వాడి పదకొండో ఏట మా ఇల్లు స్థిరపడాలి. ఈ ప్రతిపాదన నెగ్గితే అప్పటికి వాడికి ఇరవై ఒకటి. అంతకాలం యజమాని చేతిలో నా స్పాన్సర్‌షిప్. జీతం ఎగ్గొట్టినా, షిఫ్టు మీద షిఫ్టు వేసినా, ఏమీ అనకుండా పనిచేసే పదిహేనేళ్ళు. ఇంత ఇచ్చినా కుడివైపు ఆకలి తీరిందా? 2025 మే స్థానిక ఎన్నికల్లో రిఫార్మ్ 677 సీట్లు గెలిచింది. ఆ తర్వాత కూడా ఏడాది పొడవునా సర్వేల్లో ముందే ఉంది.

5. "ఇప్పుడు విమర్శించవద్దు" అన్న పెద్దలకు ఒక మాట. విమర్శ పనిచేసిన సందర్భాలు ఈ ప్రభుత్వంలోనే ఉన్నాయి. ఇంధన భత్యాన్ని 2025 జూన్‌లో తిరిగి ఇచ్చారు, 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న వృద్ధులందరికీ. వికలాంగుల భత్యం కోతను జూలై 1న, ఓటింగుకు కాస్త ముందు వెనక్కి తీసుకున్నారు, అయినా 49 మంది లేబర్ ఎంపీలు బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేశారు. ఏడుగురిని బయట పెట్టించిన ఆ ఇద్దరు పిల్లల పరిమితిని ఈ ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామని నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. నాలుగున్నర లక్షల మంది పిల్లలు పేదరికం నుంచి బయటపడతారన్నది ప్రభుత్వ అంచనానే. నోరు మూసుకుని ఉంటే వీటిలో ఒక్కటీ జరిగేది కాదు.

ఇక నేను మిమ్మల్ని అడిగేవి.

పదిహేనేళ్ళ ప్రతిపాదన మీద ప్రజాభిప్రాయ సేకరణ ఫిబ్రవరి 12తో ముగుస్తుంది. ఆలోపు మన బృందం తరఫున సమాధానం పంపాలి. కేర్ వర్కర్లు తమ సొంత మాటల్లో రాసుకోవడానికి ఒక ఆదివారం హాలు తెరవాలి. ఇంగ్లిషులో రాయడం కష్టమైనవారికి పక్కన కూర్చుని రాసిపెట్టాలి. ఇంగ్లిషు బాగా వచ్చినవారు మనలో చాలామంది ఉన్నారు.

ఐఎల్ఆర్ రద్దు గురించి ఫరాజ్ చెప్పినదాన్ని ఖండిస్తూ, దానితోపాటే మహమూద్ ప్రతిపాదననూ తిరస్కరిస్తూ ఒకే ప్రకటన ఇవ్వాలి. ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని రాస్తే అది నాకు అక్కరలేదు.

సంఘాలు, అధ్యయన బృందాల వాట్సాప్‌లలో కుడివైపు సభల వీడియోలు, వాళ్ళ పత్రికల శీర్షికలు, స్టార్మర్‌ను తిడుతున్నాయన్న ఒకే కారణంతో పంచుకోవడం ఆపాలి. స్టార్మర్‌ను విమర్శించడానికి మనకు మన మాటలు చాలు, పైన రాసినవే కావలసినన్ని.

ఏప్రిల్ నుంచి వచ్చే సిక్ పే గురించీ, ఇక వచ్చే మిగతా హక్కుల గురించీ తెలుగులో ఒక పేజీ కరపత్రం వేయాలి. చట్టం పాసైనా దాన్ని తెలియనివ్వని యజమానులు ఉంటారు.

చివరగా ఓటు. కామన్వెల్త్ దేశాల పౌరులుగా, ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయులకు బ్రిటన్ ఎన్నికల్లో ఓటు ఉంది. వీసా మీద ఉన్నవారికి కూడా. ఈ సంగతి మా కేర్ హోమ్‌లోని మన వాళ్ళలో నేను అడిగిన తొమ్మిది మందికీ తెలియదు. మే 7న స్కాట్లాండ్, వేల్స్ చట్టసభలకు, లండన్ బరోలతో సహా ఇంగ్లండ్‌లోని అనేక స్థానిక సంస్థలకు ఎన్నికలు. ఓటు ఎవరికి వేయాలో మనం వాదించుకుందాం. కొందరు గ్రీన్‌లకు అంటారు, కొందరు లేబర్ మాజీ నాయకుడు కోర్బిన్ కొత్త పార్టీకి, కొందరు నియోజకవర్గాన్ని బట్టి లేబర్‌కే. ఆ వాదనకు ముందు పేర్లు నమోదు కావాలి. శనివారాల్లో ఇంటింటికీ తిరగడానికి నేను సిద్ధం, మా షిఫ్టులో ఇంకో ఇద్దరు వస్తామన్నారు.

వచ్చే సమావేశం అజెండాలో ఈ లేఖను మొదటి అంశంగా పెట్టండి. రెండు నిమిషాలు కాదు, ఒక గంట ఇవ్వండి. ఆ రోజు నాకు డ్యూటీ ఉంటే షిఫ్టు మార్చుకుని వస్తాను.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు,
ఒక కేర్ వర్కర్